మెనింజైటిస్ టీకా: ఏ సూది ఏ క్రిమికి? (విదేశాలకు వెళ్ళే విద్యార్థులు, చంటిపిల్లలున్న ఇళ్ళు, హజ్ యాత్రికులు)

కృష్ణాతీరం
టెక్సస్‌లో ఆగస్టు సెమిస్టర్‌కు చేరే పిల్లలకు మెనింజైటిస్ టీకా కాగితం లేకపోతే కోర్సుల రిజిస్ట్రేషన్ ఆపేస్తున్నారు. ఆ టీకా కోసం ఇక్కడ క్లినిక్‌లలో అడిగితే తలో మాట చెబుతున్నారు. చిన్నప్పుడు పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు కలిపి వేసే టీకా) పడితే చాలని ఒకరు, ప్రభుత్వం వాళ్ళు వేసిన మెదడువాపు టీకా ఇదేనని ఇంకొకరు. మూడోచోట రెండు సీసాలున్న పెట్టె చూపించి వేలల్లో బిల్లు చెబుతారు. అసలు ఏది వేయించాలి? ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్ళకూ కావాలా? తెలిసినవాళ్ళు వివరంగా రాయండి.

ల్యాబ్‌బెంచి
చిక్కు పేరులోనే ఉంది. తెలుగులో "మెదడువాపు" అనే ఒక్క మాటను రెండు జబ్బులకు వాడేస్తున్నాం. మెదడు కణజాలమే వాస్తే అది ఎన్‌సెఫలైటిస్. మెదడుకూ వెన్నుపాముకూ చుట్టూ ఉండే పొరలు వాస్తే మెనింజైటిస్, అంటే మెదడు పొరల వాపు. ప్రభుత్వం ఎంపిక చేసిన జిల్లాల్లో 9 నెలలకు, మళ్ళీ 16–24 నెలల మధ్య వేసే "మెదడువాపు టీకా" జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్‌కు. ఆ వైరస్ పందుల్లో, నీటి కొంగల్లో పెరిగి క్యూలెక్స్ దోమ ద్వారా మనుషులకు వస్తుంది. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు సోకి 183 మందిని బలిగొన్న చాందీపురా వైరస్‌దీ మెదడువాపే. అది ఇసుక ఈగల వల్ల వస్తుంది, దానికి ఇప్పటికీ టీకా లేదు. ఈ రెండింటికీ యూనివర్సిటీ అడిగే కాగితానికీ ఏ సంబంధమూ లేదు.

ఇక మెనింజైటిస్. "మెనింజైటిస్ టీకా" అని ఒక్క టీకా ఎక్కడా లేదు. ఆ వాపు తెచ్చే క్రిములు చాలా ఉన్నాయి, ఒక్కో దానికి ఒక్కో టీకా:

న్యుమోకాకస్‌కు పీసీవీ.
హిబ్ (హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా బి అనే బాక్టీరియా)కు పెంటావాలెంట్‌లో ఉన్న ఐదు భాగాల్లో ఒకటి.
మెనింగోకాకస్‌కు రెండు వేర్వేరు టీకాలు. ఒకటి ఎ, సి, డబ్ల్యూ, వై రకాలకు కలిపి, ఇంకోటి బి రకానికి మాత్రమే.
క్షయ క్రిమి తెచ్చే మెనింజైటిస్‌కు బీసీజీ, అదీ పసిపిల్లల్లోనే బాగా పనిచేస్తుంది.
గవదబిళ్ళల వైరస్ కూడా పొరల వాపు తెస్తుంది, దానికి ఎమ్మెమ్మార్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా మూడింటికీ కలిపిన టీకా).

పుట్టిన మొదటి నెలలో వచ్చే మెనింజైటిస్‌కు కారణాలు గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్, ఈ.కోలై లాంటివి. వాటికి బిడ్డకు వేసే టీకా లేదు.

టెక్సస్ కాగితం అడిగేది మెనింగోకాకస్ ఎ–సి–డబ్ల్యూ–వై టీకా. పెంటావాలెంట్ దానికి చాలదు. పైగా పెంటావాలెంట్ మన దేశంలో ప్రభుత్వ పట్టికలోకి వచ్చింది 2011 డిసెంబరులో, ముందు కేరళ, తమిళనాడుల్లో. ఇప్పుడు ఎమ్మెస్‌కు వెళ్ళే వయసువాళ్ళు పుట్టేనాటికి అది పట్టికలో లేనే లేదు.

డెంటన్_తెలుగు
టెక్సస్ నిబంధన సూటిగా ఇది. సెమిస్టర్ మొదటి రోజుకు 22 ఏళ్ళు నిండని కొత్త విద్యార్థి ఎవరైనా ఎ–సి–డబ్ల్యూ–వై టీకా వేయించుకుని ఉండాలి. అది గత 5 సంవత్సరాల లోపుదై ఉండాలి. తరగతులు మొదలవడానికి కనీసం 10 రోజుల ముందు సూది పడి ఉండాలి. ఆగస్టు 24న తరగతులైతే 14వ తేదీ ఆఖరు. ఈ 10 రోజులు కాగితం కోసం పెట్టిన గడువు కాదు, ఒంట్లో రక్షణ తయారవడానికి పట్టే కాలం. చట్టం 2012 జనవరి నుంచి అమల్లో ఉంది. మొదట్లో వయసు పరిమితి 30, తరవాత 22కి తగ్గించారు. పూర్తిగా ఆన్‌లైన్‌లో చదివేవాళ్ళకు వర్తించదు.

బీటెక్ అయిన వెంటనే వెళ్ళేవాళ్ళలో 21 ఏళ్ళవాళ్ళు చాలామందే ఉంటారు. "మాస్టర్స్‌కు అక్కర్లేదట" అన్న మాట నమ్మకుండా పుట్టినతేదీ వేసి లెక్కగట్టండి.

మిగతా రాష్ట్రాల్లో ఎక్కడి నియమం అక్కడిదే. న్యూయార్క్‌లో గత ఐదేళ్ళలో టీకా వేయించుకున్నట్టు చూపాలి, లేదా సమాచారం చదివి వద్దనుకుంటున్నట్టు సంతకం చేసి ఇవ్వాలి. యూనివర్సిటీ ఆరోగ్య విభాగం ఇచ్చే ఫారమ్ తెరిచి అందులో ఏముందో చూసుకోండి, వాట్సాప్ గ్రూపులో చెప్పింది కాదు.

అదే ఫారమ్‌లో ఎమ్మెమ్మార్ రెండు డోసులు, క్షయ పరీక్ష కూడా అడుగుతారు చాలాచోట్ల. క్షయకు చేతి మీద వేసే మాంటూ పరీక్ష బీసీజీ పడినవాళ్ళలో ఊరికే పాజిటివ్ చూపవచ్చు. ఇగ్రా అనే రక్తపరీక్షకు ఆ తికమక లేదు. మాంటూనే చేయించాలంటే ఎమ్మెమ్మార్ వేసిన రోజే చేయించాలి, లేకపోతే నాలుగు వారాలు ఆగాలి. మెనింగోకాకస్ టీకాలో బతికున్న క్రిమి ఉండదు కాబట్టి దాన్ని వేటితోనైనా అదే రోజు, వేరే చోట వేయించవచ్చు.

గోదారి_మందులషాపు
రెండు సీసాల పెట్టె గురించి. అది మెన్వియో అనే ఎ–సి–డబ్ల్యూ–వై టీకా. ఒక సీసాలో పొడి, అందులో ఎ రకం ఉంటుంది. రెండో సీసాలో ద్రవం, అందులో సి, డబ్ల్యూ, వై ఉంటాయి. ద్రవాన్ని పొడి సీసాలోకి ఎక్కించి, పొడి పూర్తిగా కరిగేదాకా కలిపి, 0.5 మిల్లీలీటరు తీసి భుజం కండలో వేయాలి. ఇక్కడ జరిగే తప్పు ఒకటుంది, పెద్ద దేశాల్లో కూడా జరిగేదే. ద్రవ సీసాను చూసి "ఇదే మందు" అనుకుని దాన్నే వేసేస్తారు, పొడి సీసా పెట్టెలోనే ఉండిపోతుంది. అప్పుడు ఎ రకానికి రక్షణ రాదు. అమెరికాలో ఎ రకం అరుదు కానీ, హజ్‌కో ఆఫ్రికాకో వెళ్ళేవాళ్ళకు ఆ రక్షణ కూడా ఉండాలి. ఇంకో తప్పు, పొడిని దానితో వచ్చిన ద్రవంతో కాక విడిగా ఉన్న సెలైన్‌తో కలపడం. అలా చేస్తే సి, డబ్ల్యూ, వై మూడూ పోయినట్టే, మళ్ళీ వేయించాల్సిందే.

అందుకని సూది వేసే ముందు రెండు సీసాలూ చూపించమని అడగండి. కలపడం మీ కళ్ళముందే జరగాలి. అడిగితే ఎవరూ తప్పుపట్టరు, మంచి నర్సు అయితే తనే చూపిస్తుంది.

అవే నాలుగు రకాలకు ఇంకో టీకా మెనాక్ట్రా అయితే ఒకే సీసా, కలిపే పని లేదు. దాన్ని అమెరికాలో అమ్మడం ఆపేశారు గానీ వేసుకున్నది చెల్లుతుంది.

ధర తక్కువని పాలీశాకరైడ్ రకం ఎ–సి–డబ్ల్యూ–వై టీకా ఇస్తామంటారు కొన్నిచోట్ల. అందులో క్రిమి పైపొర చక్కెర ఒక్కటే ఉంటుంది, ప్రోటీన్ జత చేసి ఉండదు. కాబట్టి ఒంటికి గుర్తు నిలవదు. మూడేళ్ళకు మించి నమ్మలేం, రెండేళ్ళలోపు పిల్లల్లో సరిగా పనిచేయదు, గొంతులో క్రిమి కాపురం పెట్టకుండా ఆపదు. చదువుకోసం వెళ్ళేవాళ్ళు కాంజుగేట్ (ప్రోటీన్ జత చేసినది) అనే మాట పెట్టె మీద చూసుకుని కొనండి.

నిల్వ 2–8 డిగ్రీల మధ్య. గడ్డకడితే టీకా చెడిపోతుంది. షాపులో కొని ఐసుముక్కల మధ్య నేరుగా పెట్టి స్కూటర్ మీద క్లినిక్‌కు తీసుకెళ్ళడం వల్ల ఎండకన్నా చలికే ఎక్కువ పాడవుతుంది. సూది వేసేచోటే ఉన్న టీకా తీసుకోవడం మేలు.

కృష్ణాతీరం
చాలా ఉపయోగం అండీ. బి రకం టీకా ఇక్కడ అడిగితే లేదంటున్నారు. అది లేకుండా వెళ్తే ప్రమాదమా?

ల్యాబ్‌బెంచి
బి రకం టీకా మన మార్కెట్‌లో దొరకదు. అక్కడికి వెళ్ళాకే. కారణం ఆసక్తిగా ఉంటుంది. మిగతా నాలుగు రకాల పైపొర చక్కెరను ప్రోటీన్‌కు అతికించి టీకా చేస్తారు. బి రకం పైపొర చక్కెర మన నరాల కణాల మీద ఉండే చక్కెరను పోలి ఉంటుంది. దాన్ని ఒళ్ళు పరాయిదిగా చూడదు, చూస్తే ఇంకా కష్టం. అందుకని క్రిమి మీది ప్రోటీన్లను వెతికి పట్టుకుని టీకా చేయాల్సొచ్చింది, దానికి దశాబ్దాలు పట్టింది.

అమెరికాలో బెక్స్‌సెరో, ట్రూమెన్బా అని రెండున్నాయి. ఆరోగ్యంగా ఉన్న 16–23 ఏళ్ళవాళ్ళు డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకునే టీకా అది, అందరికీ తప్పనిసరి కాదు. ఆరు నెలల తేడాతో రెండు డోసులు. ఏ కంపెనీది మొదలుపెడితే రెండోదీ అదే ఉండాలి, ఒకటి ఇది ఒకటి అది కుదరదు. ఇప్పుడు ఐదు రకాలూ కలిపిన టీకాలు కూడా వచ్చాయి, పెన్‌బ్రాయా 2023లో, పెన్‌మెన్‌వీ 2025లో అనుమతి పొందాయి.

నా అభిప్రాయం అడిగితే: హాస్టల్‌లో ఉండే 18–21 ఏళ్ళవాళ్ళు ఇన్సూరెన్స్ భరిస్తే తప్పకుండా వేయించుకోవాలి. ఎ–సి–డబ్ల్యూ–వై వేసుకుని "నాకు మెనింజైటిస్ రాదు" అనుకోవడమే అసలు ప్రమాదం.

లీడ్స్_తెలుగు
బ్రిటన్ సంగతి. వీసాకు ఈ టీకా అడగరు. కానీ మొదటిసారి యూనివర్సిటీలో చేరే 25 ఏళ్ళలోపు విద్యార్థులకు, మనవాళ్ళతో సహా, ఎ–సి–డబ్ల్యూ–వై ఉచితం. డబ్ల్యూ రకం కేసులు పెరుగుతున్నాయని 2015లో మొదలుపెట్టారు. ఇండియాలో వేయించుకుని వస్తే మేలు, ఎందుకంటే మొదటి రెండు మూడు వారాల్లోనే కొత్త మనుషులు, ఇరుకు గదులు, పార్టీలు అన్నీ ఒకేసారి జరుగుతాయి. వేయించుకోకుండా వచ్చినవాళ్ళు జీపీ (ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు) దగ్గర పేరు నమోదు చేసుకోగానే అడగండి. జబ్బు చేశాక జీపీని వెతుక్కోవడం కష్టం.

ఇక్కడ పిల్లలు పుట్టినవాళ్ళకు: బి రకం టీకాను జాతీయ పట్టికలో పెట్టిన మొదటి దేశం బ్రిటన్, 2015 సెప్టెంబరులో. 2025 జులై నుంచి 8 వారాలకు, 12 వారాలకు, ఏడాదికి వేస్తున్నారు. ఈ టీకాకు జ్వరం రావడం మామూలు. అందుకని మొదటి రెండు డోసులప్పుడు జ్వరం వచ్చేదాకా ఆగకుండా టీకా అయిన వెంటనే పారాసెటమాల్ సిరప్ 2.5 మి.లీ. (5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉన్నది) ఇవ్వమంటారు, 4–6 గంటల తేడాతో మొత్తం మూడుసార్లు. ఇండియా నుంచి తెచ్చుకున్న సిరప్‌లో గాఢత వేరే ఉండవచ్చు, చుక్కలమందైతే ఇంకా ఎక్కువ. సీసా మీది అంకె చూడకుండా 2.5 అని పోయకండి.

పసిబిడ్డ_వైద్యం
మన దగ్గర చంటిపిల్లల విషయం. పుట్టగానే బీసీజీ. 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్. పీసీవీ 6 వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు. ఈ మూడూ అంగన్‌వాడీలో, పీహెచ్‌సీలో ఉచితం. పీసీవీ 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై 2021కి దేశమంతా వచ్చింది. హైదరాబాద్‌లోని బయోలాజికల్ ఇ పెంటావాలెంట్ తయారుచేస్తుంది, 14 రకాల పీసీవీ కూడా.

తల్లులు ఎక్కువగా తప్పేది 9 నెలల పీసీవీ. తట్టు టీకా ఒక్కటే గుర్తుంటుంది, ఇంకో తొడకు ఇంకో సూది అంటే "మళ్ళీ వస్తాం" అంటారు, రారు. ఆ మూడో డోసే రక్షణను నిలబెట్టేది. కార్డు తీసి చూడండి. ఆలస్యమైతే మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు, ఆగినచోటి నుంచి కొనసాగిస్తారు.

ప్రభుత్వం వేసే ఎంఆర్‌లో తట్టు, రుబెల్లా ఉంటాయి, గవదబిళ్ళలు లేవు. అది కావాలంటే ప్రైవేటులో ఎమ్మెమ్మార్.

మెనింగోకాకస్ టీకా మన దేశంలో పిల్లలందరికీ వేసే పట్టికలో లేదు. పిల్లల వైద్యుల సంఘం కూడా ముప్పు ఎక్కువున్నవాళ్ళకే చెబుతుంది. ఉన్న డబ్బుతో ఏది ముందు అని అడిగితే నేను చెప్పేది పీసీవీ, హిబ్ డోసులు పూర్తిచేయడం. అవి ఉచితంగా ఉండగా వదిలేసి వేలు పోసి మెనింగోకాకస్ వేయించడం అర్థం లేని పని.

చార్మినార్_సేవ
హజ్, ఉమ్రా పోయేవాళ్ళకు ఎ–సి–డబ్ల్యూ–వై తప్పనిసరి. సౌదీలో దిగే నాటికి కనీసం 10 రోజుల ముందు పడాలె. కాంజుగేట్ అయితే 5 సంవత్సరాలు చెల్లుతది, పాలీశాకరైడ్ అయితే 3. ఏ రకమో కాగితం మీద రాయించుకోవాలె, లేకుంటే మూడేళ్ళే లెక్కపెడతరు. హజ్ కమిటీ ద్వారా పోయేవాళ్ళకు టీకా క్యాంపులు పెడతరు. ఉమ్రాకు ఏజెంటుతోని పోయేటోళ్ళు సొంతంగ చూసుకోవాలె, వీళ్ళల్లోనే ఎక్కువమంది టీకా లేకుండ పోతరు.

దీని వెనక కారణం ఉంది. 2000 సంవత్సరం హజ్ తర్వాత డబ్ల్యూ రకం చాలా దేశాలకు పాకింది. యాత్రికులకే కాదు, వాళ్ళు ఇంటికొచ్చినంక ఇంట్ల వాళ్ళకు సోకింది. అందుకే పెద్దవాళ్ళకు కూడా కాంజుగేట్ వేయించుమని చెప్తం. గొంతుల క్రిమిని మోసుకురాకుండ ఆపే శక్తి దానికే ఎక్కువ.

ల్యాబ్‌బెంచి
ఆఫ్రికా గురించి ఒక మాట. సెనెగల్ నుంచి ఇథియోపియా దాకా 26 దేశాలను మెనింజైటిస్ బెల్ట్ అంటారు. డిసెంబరు నుంచి జూన్ దాకా పొడిగాలులప్పుడు విజృంభిస్తుంది. 1996లో రెండున్నర లక్షల మందికి సోకి 25,000 మంది చనిపోయారు. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన మెన్‌ఆఫ్రివాక్ 2010 డిసెంబరులో బుర్కినా ఫాసోలో మొదలయ్యాక అక్కడ ఎ రకం దాదాపు మాయమైంది. అప్పట్లో డోసు ధర అర డాలరు లోపే. మిగిలిన రకాల కోసం అదే సంస్థ ఎక్స్ రకాన్ని కూడా కలిపి మెన్‌ఫైవ్ తెచ్చింది, 2024లో నైజీరియాలో మొదట వాడారు. నైజీరియా, ఇథియోపియాల్లో ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళు విమానం ఎక్కేముందు ఎ–సి–డబ్ల్యూ–వై తప్పక వేయించుకోవాలి.

హాస్టల్_వార్డెన్
టీకాల సంగతి అర్థమైంది. గదిలో ఒక కుర్రాడికి రాత్రి జ్వరం, తలనొప్పి, వాంతులు. ఇది ఫ్లూనా, డెంగీనా, మెనింజైటిసా అని ఎలా తెలుస్తుంది? ఎంతసేపు చూడొచ్చు?

క్యాజువాల్టీ_డ్యూటీ
మొదటి కొన్ని గంటలు ఎవరూ చెప్పలేరు, డాక్టర్‌తో సహా. మెనింగోకాకస్ మొదట ఫ్లూలాగే ఉంటుంది. అందుకే జబ్బు పేరు తేల్చుకునే పని పెట్టుకోకండి. మనిషి ఎలా మారుతున్నాడో చూడండి.

పుస్తకాల్లో చెప్పే మెడ బిగుసుకోవడం, వెలుతురు చూడలేకపోవడం, ఊదారంగు మచ్చలు ఆలస్యంగా వస్తాయి. వాటికన్నా గంటల ముందే కనిపించేవి మూడు: ఒళ్ళు కాలుతున్నా చేతులూ కాళ్ళూ చల్లగా ఉండడం, నిలబడలేనంత కాళ్ళ నొప్పులు, చర్మం పాలిపోయి మచ్చలు మచ్చలుగా రంగు మారడం. ఇవి క్రిమి రక్తంలో పడినదానికి గుర్తులు. ఈ దశలో ఆసుపత్రికి చేరినవాళ్ళ కథ వేరుగా ఉంటుంది.

తరవాత చూడాల్సింది తెలివి. మాటకు సమాధానం పొంతన లేకుండా ఇవ్వడం, లేపినా మళ్ళీ మగతలోకి జారిపోవడం, చిరాకు, ఫిట్స్. హాస్టళ్ళలో జరిగే పొరపాటు ఏమిటంటే "నిద్రపోతున్నాడు, పోనీలే" అని తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోవడం. జ్వరం, వాంతులతో ఉన్న కుర్రాడిని ఒంటరిగా పడుకోబెట్టకూడదు. రాత్రంతా గంటకోసారి లేపి పేరు, రోజు, ఎక్కడున్నాడో అడగండి. సరిగా చెప్పలేకపోతే 108. తెల్లారేదాకా ఆగకండి. మొదటి గుర్తు నుంచి ప్రాణం పోయేదాకా 24 గంటలు కూడా పట్టని సందర్భాలున్నాయి. వైద్యం అందినా పదిమందిలో ఒకరు చనిపోతారు. బతికినవాళ్ళలో పదిమందికి ఒకరిద్దరికి వినికిడి పోవడం, వేళ్ళో కాళ్ళో తీసేయాల్సి రావడం, మెదడు దెబ్బతినడం మిగులుతాయి.

మచ్చలు చూడడానికి మన చర్మపు రంగుకు కొంచెం జాగ్రత్త కావాలి. అరచేతులు, అరికాళ్ళు, కింది కనురెప్ప లోపలి భాగం, నోటి పైకప్పు, టార్చి వేసి చూడండి. గాజు గ్లాసు పక్కను మచ్చ మీద గట్టిగా అదిమితే మామూలు దద్దురు పాలిపోతుంది, ఈ మచ్చ పోదు.

చంటిబిడ్డల్లో మెడ బిగుసుకోవడం కనపడకపోవచ్చు. మాడు ఉబ్బి గట్టిగా ఉండడం, పాలు పట్టకపోవడం, కీచుగా ఏడవడం, ఎత్తుకుంటే ఊరుకోవాల్సింది పోయి ఇంకా ఎక్కువ ఏడవడం, ఒళ్ళు వాలిపోవడం చూడాలి. మొదటి నెలలో బిడ్డకు జ్వరం లేకుండా ఒళ్ళు చల్లబడినా అంతే ప్రమాదం.

హాస్టల్_వార్డెన్
గ్లాసుతో అదిమితే మచ్చ పోయింది అనుకోండి. అప్పుడు ఉదయం దాకా ఆగవచ్చా?

క్యాజువాల్టీ_డ్యూటీ
ఆగకూడదు. మచ్చ పోకపోతే పరుగెత్తాలి, అంతవరకే ఆ పరీక్ష. పోయినా, అసలు మచ్చలే లేకపోయినా మెనింజైటిస్ కాదని చెప్పదు. మెనింగోకాకస్ మచ్చలు మొదట్లో అదిమితే పోతాయి కూడా. న్యుమోకాకస్‌లో, క్షయలో మచ్చలు సాధారణంగా రావు. గడ్డం ఛాతీకి ఆనిందా లేదా అన్నదీ అలాంటిదే, ఆనినంత మాత్రాన నిశ్చింత లేదు.

ల్యాబ్‌బెంచి
క్షయ మాట వచ్చింది కాబట్టి. మన రాష్ట్రాల్లో దీన్ని మరిచిపోకూడదు. ఇది గంటల్లో కాదు, వారాల్లో వస్తుంది. రెండు మూడు వారాలుగా సన్నజ్వరం, ఆకలి లేకపోవడం, బరువు తగ్గడం, తగ్గని తలనొప్పి, తరవాత మెల్లగా చూపు రెండుగా కనపడడం, మగత. పిల్లల్లో చదువు మీద ధ్యాస పోయింది, చిరాకు పడుతున్నాడు అనే రూపంలోనే మొదలవుతుంది. ఇంట్లో ఎవరికైనా క్షయ ఉంటే ఆ మాట డాక్టరుకు అడగకపోయినా చెప్పండి. మందులు దాదాపు ఏడాది వాడాలి.

ఇంకోటి, చాలా ముఖ్యం. జ్వరం రాగానే ఆర్‌ఎంపీ దగ్గరో మందుల షాపులోనో రెండు అజిత్రోమైసిన్ మాత్రలు, ఒక సూది. క్రిమి చావదు, అణుగుతుంది. గుర్తులు మసకబారతాయి, తరవాత వెన్నునీరు కల్చర్‌లో (క్రిమిని ల్యాబులో పెంచి చూసే పరీక్షలో) ఏమీ పెరగదు. ఏ క్రిమో తెలియకుండా వైద్యం చేయాల్సొస్తుంది. వేసుకున్న మాత్రల పట్టీ, సూది చీటీ పారేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అది చూస్తే పీసీఆర్ (క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే) పరీక్ష పంపాలని డాక్టరుకు తడుతుంది.

తూర్పుకనుమ
వెన్ను నుంచి నీరు తీస్తే నడుము పడిపోతుందని సంతకం పెట్టకుండా ఆపేస్తున్నారు చుట్టాలు. దీనికి ఏం చెప్పాలి?

క్యాజువాల్టీ_డ్యూటీ
అంకెలతో చెప్పండి. పెద్దవాళ్ళలో వెన్నుపాము నడుములోని మొదటి, రెండో పూసల దగ్గరే ముగుస్తుంది. సూది గుచ్చేది మూడు–నాలుగు లేదా నాలుగు–ఐదు పూసల మధ్య. అక్కడ వెన్నుపాము లేదు, నీటిలో వేలాడే నరాల పోగులే ఉంటాయి, సూది మొనకు పక్కకు జరుగుతాయి. ఒంట్లో మొత్తం 150 మి.లీ. దాకా ఈ నీరు ఉంటుంది, రోజుకు 500 మి.లీ. దాకా కొత్తగా ఊరుతుంది. పరీక్షకు పెద్దవాళ్ళ నుంచి తీసేది 8–15 మి.లీ. తలనొప్పి రెండు మూడు రోజులు రావచ్చు, కూర్చుంటే ఎక్కువై పడుకుంటే తగ్గుతుంది. కాళ్ళు పడిపోవడం, మాట పోవడం అంటారే, అవి జబ్బువల్ల వచ్చేవి. పరీక్ష ఆలస్యమైనందువల్ల వచ్చేవి కూడా.

మెదడులో ఒత్తిడి పెరిగిన గుర్తులుంటే, ప్లేట్‌లెట్లు బాగా తక్కువుంటే, బీపీ పడిపోయి ఉంటే వెంటనే తీయరు. ముందు స్కాన్, లేదా మనిషిని నిలబెట్టడం. కానీ స్కాన్ వంతు కోసం యాంటీబయాటిక్ ఆపకూడదు. రక్తం కల్చర్‌కు తీసి వెంటనే మొదటి డోసు పడాలి, పెద్దవాళ్ళకు మామూలుగా సెఫ్ట్రియాక్సోన్ 2 గ్రాములు నరంలోకి, దానితోపాటో ముందో డెక్సామెథాసోన్ (వాపు తగ్గించే స్టెరాయిడ్). "మందు మొదలైందా?" అని అడిగే హక్కు మీకుంది. అడగండి.

ల్యాబ్‌బెంచి
చిన్న ఆసుపత్రుల్లో వెన్నునీటి సీసాను మీ చేతికే ఇచ్చి బయటి ల్యాబుకు పంపుతారు. గంటలోపు చేర్చాలి, ఆలస్యమైతే కణాలు కరిగిపోయి లెక్క తప్పుతుంది. కల్చర్ సీసాను ఫ్రిజ్‌లో, ఐసులో పెట్టకండి, చలికి మెనింగోకాకస్ చచ్చిపోతుంది. అదే సమయంలో రక్తంలో చక్కెర కూడా చూడాలి. వెన్నునీటి చక్కెర మామూలుగా రక్తంలోదానికి మూడింట రెండు వంతులుంటుంది. రక్తపు అంకె లేకపోతే, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్ళలో, వెన్నునీటి అంకెకు అర్థం ఉండదు. తెల్ల రక్తకణాల్లో న్యూట్రోఫిల్స్, లింఫోసైట్స్ అని రకాలున్నాయి: చక్కెర పడిపోయి న్యూట్రోఫిల్స్ ఎక్కువుంటే బాక్టీరియా వైపు, చక్కెర మామూలుగా ఉండి లింఫోసైట్స్ ఉంటే వైరస్ వైపు, చక్కెర తక్కువుండి లింఫోసైట్స్, ప్రోటీన్ ఎక్కువుంటే క్షయ వైపు చూస్తారు.

హాస్టల్_వార్డెన్
ఒక కుర్రాడికి మెనింగోకాకస్ అని తేలితే హాస్టల్ అంతా ఖాళీ చేయించాలా? అందరికీ మాత్రలా?

పసిబిడ్డ_వైద్యం
ఖాళీ చేయించవద్దు. పిల్లలను ఊళ్ళకు పంపితే ఎవరు దగ్గరగా మెలిగారో వెతకడమే కష్టమవుతుంది. మందు ఇవ్వాల్సింది గత 7 రోజుల్లో ఒకే గదిలో పడుకున్నవాళ్ళకు, ఇంట్లోవాళ్ళకు, ముద్దులు పంచుకున్నవాళ్ళకు, నోటి ఉమ్మి నేరుగా మీద పడిన వైద్య సిబ్బందికి. ఒకే క్లాసులో కూర్చున్నందుకు, మెస్‌లో పక్కన తిన్నందుకు అక్కర్లేదు.

వీలైతే 24 గంటల్లోపు ఇవ్వాలి, 14 రోజులు దాటాక ప్రయోజనం ఉండదు. పెద్దవాళ్ళకు సిప్రోఫ్లాక్సాసిన్ 500 మి.గ్రా. ఒక్కసారి, లేదా రిఫాంపిసిన్ 600 మి.గ్రా. 12 గంటలకోసారి చొప్పున రెండు రోజులు, లేదా సెఫ్ట్రియాక్సోన్ 250 మి.గ్రా. కండలోకి ఒక్క సూది. గర్భిణులకు చివరిదే తగినది. రిఫాంపిసిన్‌కు మూత్రం, కన్నీళ్ళు నారింజ రంగులోకి మారతాయి, భయపడక్కర్లేదు. కానీ గర్భనిరోధక మాత్రలు పనిచేయకుండా పోతాయి, ఆ సంగతి అమ్మాయిలకు విడిగా చెప్పాలి. 2005లో ఢిల్లీలో వచ్చినప్పుడు సిప్రోఫ్లాక్సాసిన్‌కు లొంగని మెనింగోకాకస్ కనిపించింది, అందుకే ఏ మందో ఆరోగ్యశాఖ డాక్టరే నిర్ణయించాలి. వార్డెన్ సొంతంగా స్ట్రిప్పులు తెప్పించి పంచకూడదు.

న్యుమోకాకస్, వైరస్, క్షయ మెనింజైటిస్‌లకు ఈ మాత్రలు పనికిరావు. ఏ క్రిమో అడిగి తెలుసుకున్నాకే ఈ హడావుడి.

మన్యం_ఆరోగ్యం
"ముప్పు ఎక్కువున్నవాళ్ళు" అని పైన ఒక్క ముక్కలో దాటేశారు. వాళ్ళెవరో చెప్పాలి. ప్లీహం (స్ప్లీన్) తీసేసినవాళ్ళు, పుట్టుకతో అది లేనివాళ్ళు, సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) ఉన్నవాళ్ళు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో, ఆదిలాబాద్, భద్రాచలం వైపు గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ ఉంది. ఈ పిల్లల్లో ప్లీహం చిన్నప్పుడే పనిచేయడం మానేస్తుంది. పైపొర ఉన్న క్రిములను రక్తంలోంచి వడగట్టేది అదే. కాబట్టి వీళ్ళకు జ్వరం అంటే ప్రతిసారీ అత్యవసరమే.

వీళ్ళకు ఎ–సి–డబ్ల్యూ–వై ఒక్క డోసు చాలదు. 8 వారాల తేడాతో రెండు, తరవాత ఐదేళ్ళకోసారి. పీసీవీ, హిబ్ కూడా పూర్తిగా ఉండాలి. థలసీమియాలో ప్లీహం తీసే ఆపరేషన్ ముందే నిర్ణయమైతే టీకాలు కనీసం రెండు వారాల ముందు పూర్తిచేయాలి. ఆపరేషన్ తేదీ ఇచ్చినప్పుడే టీకా తేదీ అడగండి, చాలాచోట్ల ఇదే తప్పిపోతోంది.

పసిబిడ్డ_వైద్యం
నిజమే, అది విడిగా రాయాల్సిన మాటే. మరొకటి కూడా. మెనింజైటిస్ తగ్గి డిశ్చార్జ్ అయ్యే ముందు, లేదా నాలుగు వారాల్లోపు వినికిడి పరీక్ష తప్పనిసరి, చంటిపిల్లలకు బెరా (శబ్దానికి వినికిడి నరం, మెదడు స్పందించేది చూసే పరీక్ష). వాపు తరవాత లోపలి చెవిలో ఎముక పెరిగి గొట్టం మూసుకుపోవచ్చు, కొన్ని వారాల్లోనే. మూసుకుపోయాక కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి కోసం లోపలి చెవిలో అమర్చే పరికరం) తీగ లోపలికి పోదు. "మాటలు వస్తాయిలే, మేనమామకూ ఆలస్యంగానే వచ్చాయి" అని ఏడాది ఆగితే ఆ అవకాశం చేజారిపోతుంది.

డెంటన్_తెలుగు
టెక్సస్ కాగితం విషయంలో ఇంకొకటి మిగిలింది. టీకా పేరు, రెండు సీసాల బ్యాచ్ నంబర్లు, వేసిన రోజు–నెల–సంవత్సరం, డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు, ముద్ర అన్నీ ఇంగ్లిషులో ఉండాలి. మన డాక్టర్లు ఆగస్టు 5ని 05/08 అని రాస్తారు. అక్కడ దాన్ని మే 8 అని చదువుతారు. జులై 12ని 12/07 అని రాస్తే డిసెంబరు 7 అవుతుంది, ఇంకా రాని తేదీ కాబట్టి తిప్పి పంపేస్తారు. నెల పేరు అక్షరాల్లో రాయించుకోండి.

కృష్ణాతీరం
జులై మొదటి వారంలోనే వేయించి, నెల పేరు అక్షరాల్లో రాయిస్తాం. రెండు సీసాలూ చూసే వేయిస్తాం. ఇంట్లో చంటిదాని కార్డు తీసి చూస్తే 9 నెలల పీసీవీ గడి ఖాళీగా ఉంది. బుధవారం సబ్‌సెంటర్‌కు తీసుకెళ్తున్నాం.